యతిశైలమును వీడిన యతిరాజులు

సన్న్యాసికి తనదని చెప్పుకొనదగిన ఊరు లేదు, ఇల్లు లేదు. అయినను శ్రీవైష్ణవ సంప్రదాయమునందు పెరుమాళ్ళు వేంచేసియున్న చోటే ఊరు. ఆ స్వామికి కైంకర్యము జరుగు తావే ఇల్లు. భగవద్రామానుజుల జీవితమున ఇట్టి తావులు నాలుగు ప్రసిద్ధములు. శ్రీపెరుంబూదూరు వారికి జన్మభూమి. కాంచీపురము విద్యాభూమి. శ్రీరంగము కార్యభూమి. తిరుమల, వారు పాదము మోపుటకే సంకోచించిన పుణ్యభూమి. ఈ నాలుగింటికి తోడు ఐదవది యొకటి కలదు. దానిని వారు కోరి ఎన్నుకొనలేదు. ఆపదయే వారిని అచ్చటికి చేర్చినది. అదియే కర్ణాటకదేశమందలి యాదవాద్రి, నేటి మేలుకోట. అచ్చట వారు పన్నెండేండ్లు నివసించిరని గురుపరంపర చెప్పుచున్నది. ప్రాణరక్షణకై చేరిన ఆ కొండను విడువవలసిన దినము వచ్చినపుడు, వచ్చుటకంటె పోవుటయే కష్టమైనది.

కొండయెడ భక్తి

సంప్రదాయగణనము ననుసరించి రామానుజులు 1017లో చైత్రమాసమున ఆర్ద్రానక్షత్రమందు శ్రీపెరుంబూదూరున అవతరించి, 1137లో పరమపదము నలంకరించిరి. వారి మేనమామ తిరుమలనంబి. తిరువేంగడముడైయానికి తీర్థకైంకర్యము చేయుచు తిరుమలయందే జీవితమును గడపిన మహాత్ముడాయన. ఆయన సన్నిధిని శ్రీమద్రామాయణ రహస్యార్థములను గ్రహించుటకై రామానుజులు ఒక సంవత్సరకాలము కొండ దిగువనే ఉండిరి. శేషాచలము సాక్షాత్తు ఆదిశేషుని స్వరూపము గనుక దానిపై పాదము మోపరాదని వారు మొదట సంకోచించిరనియు, పెద్దల ప్రార్థనపై మోకాళ్ళతో ఎక్కిరనియు పెద్దలు చెప్పుదురు. కొండ యనగా వారి దృష్టిలో రాయి గాదు, మట్టి గాదు, భగవంతుని ఆసనము. ఈ భావమును మనసునందుంచుకొనిననే యాదవాద్రి వారికి ఏమైనదో తెలియును.

తెల్లని వస్త్రములతో ప్రయాణము

శ్రీరంగమున రామానుజులు ఆలయపరిపాలనమును చక్కదిద్ది, శ్రీభాష్యాది గ్రంథరచనయు శిష్యశిక్షణమును సాగించుచుండిరి. ఆ కాలమున, గురుపరంపరా గ్రంథములు క్రిమికంఠచోళుడని పేర్కొనిన రాజు, తన మతమే అధికమని అందరు విద్వాంసులును వ్రాలుచేయవలెనని శాసించెను. రామానుజుల వ్రాలు లేనిదే తక్కినవారి వ్రాళ్ళు వ్యర్థములని ఎవరో తెలుపగా, వారిని కొనితెమ్మని భటులను పంపెను.

భటులు మఠమునకు వచ్చినపుడు రామానుజులు స్నానమునకై వెడలియుండిరి. ఆ సమయమున కూరత్తాళ్వాన్ చేసిన పని శ్రీవైష్ణవలోకము ఎన్నటికిని మరువరానిది. కూరమను గ్రామమున మహాసంపన్నుడై యుండి, సర్వస్వమును దానమిచ్చి ఆచార్యుని చేరిన ఆ గృహస్థు, గురువుగారి కాషాయమును ధరించి, త్రిదండమును చేతబట్టి, తానే రామానుజుడనన్నట్లు భటుల వెంట నడచెను. వృద్ధులగు పెరియనంబి తోడుగా వెళ్ళిరి. విషయము తెలిసిన రామానుజులు వెనుకంజ వేయక తామును పోవలెనని తలచిరి. శిష్యులు పాదములపై బడి వారించిరి. సంప్రదాయము నిలువవలెనన్న వారు నిలువవలెనని వేడిరి. చివరకు గత్యంతరము లేక, కూరేశులు విడిచిన తెల్లని వస్త్రములను ధరించి, కొలదిమంది శిష్యులతో వారు పడమటి దిక్కునకు బయలుదేరిరి. శ్రీపెరుంబూదూరున తిరునక్షత్రోత్సవములలో ఉడయవరులకు తెల్లని వస్త్రములు సమర్పించు సేవ ఈ సంఘటనమునకు స్మారకము.

రాజసభలో కూరేశులు వ్రాలుచేయలేదు. కన్నులు కోల్పోయిరి. పెరియనంబియు ఆ క్రూరశిక్షకు గురియై, తిరిగివచ్చు దారిలోనే శిష్యుని ఒడిలో తలయుంచి పరమపదించిరి. ఈ సంగతి ఏదియు రామానుజులకు అప్పటికి తెలియదు. వారు అడవిలో నడచుచుండిరి.

అరణ్యమార్గమున ఆదరణ

నీలగిరి ప్రాంతపు అడవులలో ఆకలియు చలియు బాధింప, వారు ఒక రాత్రి దూరమున మంట వెలుగును చూచి అటు నడచిరి. అది వేటగాండ్ర పల్లె. శ్రీవైష్ణవుడగు నల్లాన్ చక్రవర్తి ఉపదేశము నొందిన ఆ వేటగాండ్రు, వచ్చినవారు రంగనాథుని ఊరివారని వినగానే తేనెయు, చిరుధాన్యపు పిండియు తెచ్చి యిచ్చిరి. చలి కాచుకొనుటకు మంటలు వేసిరి. రాజు తరిమిన యతిని అడవిలోని బోయలు ఆదుకొనిరి.

అచ్చటినుండి కొంగుదేశము చేరినపుడు ఒక బ్రాహ్మణగృహిణి వారిని ఆహ్వానించెను. కొంగుప్పిరాట్టి యని గ్రంథములు ఆమెను స్మరించును. పూర్వము కరవుకాలమున భర్తతో శ్రీరంగమునకు వచ్చి, రామానుజుల వలన మంత్రోపదేశమును పొంది, తిరిగిపోవునపుడు వారి పాదుకలను అడిగి తెచ్చుకొనినది ఆమె. ఆమె వంటచేసి ముందుగా ఆ పాదుకలకు నివేదించెను. తెల్లబట్టలలో నున్న అతిథులలో ఆచార్యులెవరో ఆమె ముఖమును జూచి గాక పాదములను జూచి గుర్తించెనట. కాషాయము మారినను పాదములు మారలేదు గదా! ఆమె యింటనే వారు మరల కాషాయమును, త్రిదండమును గ్రహించిరి.

పిదప మిర్లె, సాలగ్రామము అను గ్రామములకు వారు చేరిరి. సాలగ్రామమున వారికి లభించిన శిష్యుడు వడుగనంబి. వడుగు అనగా తెలుగు. అందుచే సంస్కృతమున ఆయనకు ఆంధ్రపూర్ణుడని పేరు. ఆచార్యుని తప్ప అన్యదైవము నెరుగని నిష్ఠకు ఆయన నిదర్శనము. తరువాతి కాలమున శ్రీరంగమున రంగనాథుని ఊరేగింపు మఠము ముందునకు వచ్చినపుడు కూడ, ఆచార్యులకై కాచుచున్న పాలు పొంగిపోవునని ఆయన పొయ్యిని విడిచి రాలేదట. యతిరాజవైభవమును రచించిన వారును ఈయనయే. శ్రీరంగమునుండి ఆచార్యుని తరిమిన ఆపదయే తెలుగుపేరు గల ఈ అంతరంగశిష్యుని సంప్రదాయమునకు ప్రసాదించినది.

తొండనూరి రాజు

తొండనూరున తొండనూర్ నంబి యను భక్తుడు వారికి ఆతిథ్యమిచ్చెను. ఆ దేశము హొయ్సళ ప్రభువగు బిట్టిదేవుని ఏలుబడిలోనిది. గ్రహపీడితయైన తన కుమార్తెకు రామానుజుల అనుగ్రహముచే స్వస్థత కలుగగా, రాజు వారిని ఆశ్రయించి విష్ణువర్ధనుడను నామమును పొందెనని గురుపరంపర. 1117లో బేలూరున చెన్నకేశవాలయమును నిర్మించిన ప్రభువితడే. రాణి శాంతలదేవి జైనధర్మమునందే నిలిచినదనియు, రాజు జైనబసదులకు దానములిచ్చుట మానలేదనియు శాసనములు తెలుపుచున్నవి. తొండనూరున తిరుమలసాగరమను విశాలమైన చెరువు నేటికిని కలదు. దానిని కూడ రామానుజుల కాలమునకే చేర్చి ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు.

పుట్టలోని పెన్నిధి

తొండనూరున ఉండగా రామానుజులవద్ద ఊర్ధ్వపుండ్రములకు కావలసిన తిరుమణి యైపోయినది. శ్రీవైష్ణవునకు అది లేని దినము లేదు. ఆ చింతతో నిద్రించిన రాత్రి స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, తాను యాదవాద్రిపై పుట్టలో మరుగుపడి యున్నాననియు, తిరుమణి కూడ ఆ కొండమీదనే లభించుననియు తెలిపెను. మరునాడు వారు రాజపరివారముతో అడవులు నరికించుచు కొండ నెక్కిరి. కల్యాణీ పుష్కరిణిలో స్నానమాడి, తులసి పెరిగిన చోటును గుర్తుగా గొని వెదకిరి. పుట్టపై పాలు పోసి మట్టిని కరగింపగా తిరునారాయణుని దివ్యమంగళవిగ్రహము బయల్పడినది. బహుధాన్య సంవత్సరము పుష్యమాసమున, పునర్వసు నక్షత్రమునాడు ఇది జరిగినదని సంప్రదాయము. ఆ లెక్క 1098–99కి సరిపోవును. విష్ణువర్ధనుని రాజ్యకాలమును బట్టి చరిత్రకారులు పలువురు దీనిని తరువాతి సంవత్సరములకు జరుపుదురు. ఏ లెక్క తీసికొనినను అప్పటికి రామానుజులు ఎనుబదేండ్లు దాటిన వృద్ధులు.

ఆ వయసున వారు మూడు దినములు స్వామికి స్వయముగా తిరువారాధన చేసిరి. తరువాత పాంచరాత్రాగమము ననుసరించి పూజావిధానమును ఏర్పరచిరి. ఆలయము లేచినది, ఆలయము చుట్టును అడవి స్థానమున తిరునారాయణపురమను ఊరు వెలసినది. ఒక్కొక్క కైంకర్యమునకు ఒక్కొక్కరుగా ఏబదియిద్దరు శ్రీవైష్ణవులను నియమించిరి. శ్రీరంగమున వారు చేసినది పూర్వమే యున్న వ్యవస్థకు సంస్కారము. ఇచ్చట మొదటి రాతినుండి మొదటి నైవేద్యము వరకు సమస్తమును వారి కనులముందే రూపొందినది. ఎనుబదేండ్ల వయసున సర్వమును విడిచి వచ్చిన యతికి స్వామి ఒక క్రొత్త సంసారమును ప్రసాదించెనన్నను తప్పులేదు.

యతిరాజుల బిడ్డ

మూలమూర్తి లభించెను గాని ఉత్సవములు జరుపుటకు ఉత్సవమూర్తి లేదు. రామప్రియుడను ఆ మూర్తిని తురుష్కులు ఢిల్లీకి కొనిపోయిరనియు, రామానుజులు అంతదూరము ప్రయాణించి అడిగిరనియు, రాజకుమార్తె ఆ మూర్తిని తన మందిరమున ఆటబొమ్మగా లాలించుచున్నదనియు గురుపరంపర వర్ణించును. రామానుజులు బిడ్డను పిలిచినట్లు శెల్వపిళ్ళై యని పిలువగా, ఆ స్వామి గజ్జెలు ఘల్లుమన నడచివచ్చి వారి ఒడిలో కూర్చుండెనట. ఎడబాటునకు తాళలేక రాజకుమార్తెయు వెంటవచ్చి స్వామిలో ఐక్యము నొందెను. ఢిల్లీలో సుల్తానుల రాజ్యము 1206లో గాని ఆరంభము కాలేదు గనుక చరిత్రదృష్టితో ఈ గాథకు కాలము కుదరదు. ఐనను బీబీ నాచ్చియారను పేర ఆమె మూర్తి నేటికిని శెల్వపిళ్ళై పాదములచెంత పూజల నందుకొనుచున్నది. భక్తికి కులమతముల హద్దులు లేవని మేలుకోట చెప్పుకొనిన తీరు ఇది.

శెల్వపిళ్ళైని సంస్కృతమున సంపత్కుమారుడందురు. స్వామిని తండ్రిగా, ప్రభువుగా భావించుట లోకసామాన్యము. ఇచ్చట సన్న్యాసి తండ్రి, స్వామి కుమారుడు. ఇల్లు, భార్య, బంధువులు అను బంధముల నన్నింటిని యౌవనముననే తెంచుకొనిన యతీశ్వరులు, ముదిమిని ఈ ఒక్క బంధమును కోరి తగిలించుకొనిరి. యాదవాద్రిపై వారికి గల మమకారమునకు మూలమిదియే.

ఈ సేవలో తోడ్పడిన, అంటరానివారని లోకము దూరముగ నుంచిన జనులను రామానుజులు తిరుక్కులత్తారని పిలిచిరి. తిరుక్కులమనగా లక్ష్మీదేవి కులము. బ్రహ్మోత్సవ సందర్భమున మూడు దినములు కల్యాణీస్నానమును, ఆలయప్రవేశమును వారికి కల్పించిరి. అందరికిని అన్నిదినములును ఆలయద్వారములు తెరచియుండవలసిన నేటి న్యాయమునకు అది అల్పముగ తోచవచ్చును. తొమ్మిది శతాబ్దములకు పూర్వము, రాజాశ్రయమున నూతనముగ నిలిచిన ఆలయమున దానిని నెలకొల్పుటకు ఎంత ధైర్యము వలయునో భావించిన వారికి అది అల్పము గాదు.

శ్రీరంగమునుండి వార్త

ఏండ్లు గడచినవి. ఉత్సవములతో, గ్రంథకాలక్షేపములతో కొండ కళకళలాడుచుండెను. అయినను రామానుజుల మనసున ఒక మూల శ్రీరంగము మెదలుచునే యుండెను. తమకు మారుగా వెళ్ళిన కూరేశులేమైరి? గురుదేవులగు పెరియనంబి ఎట్లున్నారు? సంగతులు తెలిసికొనుటకై మారుతి చిరియాండానను శిష్యుని పంపిరి. అతడు తిరిగివచ్చి మూడు వార్తలు చెప్పెను. చోళరాజు మరణించెను. పెరియనంబి పరమపదించిరి. కూరేశులు కన్నులు కోల్పోయి శ్రీరంగమును వీడి తిరుమాలిరుంజోలై కొండను ఆశ్రయించి యున్నారు.

మొదటి వార్త శిష్యులకు సంతోషము కలిగించినది. తక్కిన రెండును విని రామానుజులు నేలపై బడి దుఃఖించిరి. తాము తిరునారాయణుని కన్నులార సేవించిన ప్రతిదినమును కూరేశులు చీకటిలో గడపిరి. శెల్వపిళ్ళైని ఒడిలో నుంచుకొనిన ఆ చేతులకు త్రిదండము మిగిలినది మరియొకరు దానిని మోసికొనిపోయినందువలననే. ఈ ఎరుక కలిగిన పిదప కొండపై నిలుచుట వారికి సాధ్యము గాలేదు. కొండపై ప్రేమ తగ్గి గాదు; తమకై సర్వము నొసగిన శిష్యుని యెడల ఋణము పెద్దదైనందున వారు పయనమునకు నిశ్చయించిరి.

తమర్ ఉగంద తిరుమేని

తిరునారాయణపురమున ఈ మాట ప్రాకినంతనే ఇంటింట పొయ్యి వెలుగలేదనవచ్చును. ఏబదియిద్దరును వచ్చి ఆచార్యుల పాదములను చుట్టుకొనిరి. వారికి ఊరు నిచ్చినది, స్వామి నిచ్చినది, చేయవలసిన పని నిచ్చినది ఆ మహనీయులే. వారు లేని కొండ మరల అడవియే యగునని విలపించిరి. ఉండుమనుటకు శ్రీరంగమున కూరేశుల బాధ అడ్డు. పొమ్మనుటకు తమ హృదయములే అడ్డు. రామానుజుల స్థితియు అట్టిదే. బిడ్డవంటి స్వామిని, బిడ్డలవంటి జనులను వదలుట యతికైనను సులభము గాదు.

అప్పుడు వారు ఒక ఉపాయమును చేసిరి. శిల్పిని రావించి తమ రూపమును విగ్రహముగ చేయించిరి. చేతులు జోడించిన ఆ మూర్తిని గాఢముగ ఆలింగనము చేసికొని, తమ శక్తిని అందు నింపి, తిరునారాయణుని సన్నిధిని నెలకొల్పిరి. తామిక్కడనే యున్నట్లు భావింపుడనియు, ఒకరినొకరు విడువక ఐకమత్యముతో నుండుడనియు, శెల్వపిళ్ళైని కంటికి రెప్పవలె కాచుకొనుడనియు ఉపదేశించి, మరల మరల వెనుకకు జూచుచు కొండ దిగిరి.

ఆచార్యుల మూర్తులలో మూడు ప్రసిద్ధములు. శ్రీరంగమున వారు పరమపదించిన పిమ్మట నెలకొనినది తానాన తిరుమేని. శ్రీపెరుంబూదూరున వారి అంగీకారముతో నెలకొనినది తాన్ ఉగంద తిరుమేని. మేలుకోటలోనిది తమర్ ఉగంద తిరుమేని. అనగా తనవారు ప్రేమించిన దివ్యశరీరము. పేరులోనే ఆ వీడ్కోలు నిలిచియున్నది. ఇది తనవారి కన్నీటి కొరకు చేయబడినది.

వెళ్ళిన పిమ్మట

శ్రీరంగము చేరిన రామానుజులు కూరేశులను కలిసికొని కౌగిలించుకొని విలపించిరి. కన్నులకై కంచి వరదరాజస్వామిని ప్రార్థింపుమని ఆజ్ఞాపింపగా, కూరేశులు వరదుని స్తుతించి, తమ ఆపదకు కారణమైన నాలూరానునకు కూడ మోక్షమును కోరిరి. ఇట్టి శిష్యునికై కొండను వదలుట నష్టము గాదని ఆ ఒక్క కోరికయే చాటినది. ఆ కాలముననే చిత్రకూటమునుండి తిరుపతికి చేరిన గోవిందరాజస్వామి ఉత్సవమూర్తులకు ఆలయవ్యవస్థను కల్పించుట కూడ జరిగినది. 1130 ప్రాంతమున గోవిందరాజుల ప్రతిష్ఠను రామానుజులు గావించిరని తిరుపతి ఆలయచరిత్ర చెప్పును.

వారు మేలుకోటకు మరల వచ్చి నివసింపలేదు; మరచిపోనూ లేదు. అవసానకాలమున శిష్యులు, తామిక నెట్లు కాలము గడపవలెనని అడిగినపుడు వారిచ్చిన ఆజ్ఞలు ఒక మెట్లవరుసవలె నుండును. శ్రీభాష్యమును చదివి చెప్పవలెను. అది చాతకాకున్న ఆళ్వారుల దివ్యప్రబంధములను అభ్యసింపవలెను. అదియు కాకున్న దివ్యదేశములందు నైవేద్యము, దీపము, పూమాల వంటి కైంకర్యములు చేయవలెను. లేదా ద్వయమంత్రార్థమును చింతింపవలెను. అదియు చేతగాకున్న తిరునారాయణపురమున ఒక గుడిసె వేసికొని నివసింపవలెను. ఏదియు లేకున్న తనవాడని తలచు ఒక శ్రీవైష్ణవుని అభిమానమునకు పాత్రుడు కావలెను.

చదువురాని వానికి, స్వరము లేని వానికి, ధనము లేని వానికి, మనసు నిలువని వానికి కూడ మిగిలియున్న చోటుగా వారు చూపినది ఆ కొండను. నూటయిరువదేండ్ల జీవితమున ఎన్ని క్షేత్రములను సేవించిరో, ఎన్ని చోట్ల కీర్తి గడించిరో! గుడిసె వేసికొమ్మని చెప్పుటకు మాత్రము, తాము నిరాశ్రయులై చేరి ఆశ్రయమును పొందిన చోటే వారికి జ్ఞప్తికి వచ్చినది.

ఈ కొండకు కృతయుగమున నారాయణాద్రియనియు, త్రేతాయుగమున వేదాద్రియనియు, ద్వాపరమున యాదవాద్రియనియు, కలియుగమున యతిశైలమనియు పేర్లని స్థలపురాణము. మొదటి మూడు నామములు భగవంతునివి, వేదమువి, యదువంశమువి. నాల్గవది అచ్చట పన్నెండేండ్లు నివసించి వెళ్ళిపోయిన సన్న్యాసిది. మైసూరునకు ఉత్తరముగ సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్న ఆ కొండను ఏటేట ఫాల్గుణమాసమున వైరముడి సేవకై లక్షలాది భక్తులు ఎక్కుచున్నారు. వజ్రకిరీటమును ధరించిన శెల్వపిళ్ళై రాత్రివేళ గరుడవాహనముపై తిరువీథుల వేంచేయును. ఆ వైభవమును సేవించిన యాత్రికులు ఆలయమున ఉడయవరుల సన్నిధిని కూడ తప్పక సేవింతురుగాక. చేతులు జోడించిన ఆ మూర్తి, కొండ దిగిపోయిన వారు తనవారిని విడువలేదని తొమ్మిది శతాబ్దములుగా సాక్ష్యమిచ్చుచున్నది.